మారుతాళం చేయించా, పెట్రోల్ మూత తెరుచుకుంటోంది, బండి మాత్రం స్టార్ట్ కావట్లేదు

బెజవాడ_బాటసారి | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. రెండు నెలల కిందట హోండా సీబీ500ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, 2021 మోడల్. బండి బంగారం, అందులో అనుమానం లేదు. ఇబ్బందల్లా ఒకటే, ఒక్క తాళమే ఇచ్చాడు. అడిగితే "ఇల్లు మారినప్పుడు రెండోది సామాన్లలో ఎక్కడో పడిపోయిందండీ, దొరకగానే పంపిస్తా" అన్నాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు మూడుసార్లు చూసుకున్నా, ఇంజన్ కింద టార్చి వేసి ఆయిల్ కారుతోందేమో చూశా, చైను లాగి చూశా, తాళం దగ్గర మాత్రం పెద్దమనిషిలా "సరేలెండి" అనేశా.

పోయిన ఆదివారం నాగార్జునసాగర్ వెళ్తూ మాచర్ల దగ్గర టీకి ఆగాం. లేచి చూస్తే జేబులో తాళం లేదు. పది నిమిషాలు చెమటలు పట్టాయి, టీ కొట్టు ఆయన బల్లలు కూడా జరిపించా. చివరికి హెల్మెట్‌లో, గ్లోవ్స్ కింద ఉంది. ఇక ఆ రాత్రే అనుకున్నా, మారుతాళం చేయించాల్సిందేనని.

గవర్నర్‌పేటలో మొదటి ఆయన తాళం తిప్పి చూసి "ఇది నా మిషన్ మీద కాదు బాబూ" అని ఇచ్చేశాడు. దీనికి అంచు మీద పళ్లు ఉండవు, పక్కన పాము పాకినట్టు గాడి ఉంటుంది. రెండో షాపులో కంప్యూటర్ మిషన్ ఉంది, 450 తీసుకుని చక్కగా కోసిచ్చాడు. అక్కడే చూశాం. సీటు తెరుచుకుంది, పెట్రోల్ మూత తెరుచుకుంది, హ్యాండిల్ లాక్ పడింది, లేచింది. ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటరు మొత్తం వెలిగింది. అంతే, ఇంజన్ స్టార్ట్ కాదు. తాళం బొమ్మ ఉండే హిస్ లైటు ఆరకుండా అలాగే ఉంది. షాపాయన "బ్యాటరీ వీకయ్యుంటుంది" అన్నాడు. అసలు తాళం పెడితే మాత్రం సగం నొక్కుకే లేస్తోంది.

ఇది షోరూంలోనే అవుతుందా, బయట చేసేవాళ్లున్నారా? ఈ ఉన్న ఒక్కటీ పోతే నా పరిస్థితి ఏంటి?

ఓరుగల్లు_రైడర్ | ఆదివారం, రాత్రి 9:52

అన్నా, 450 పెట్టి పెట్రోల్ మూతకి తాళం చేయించుకున్నావు. సీబీ500ఎక్స్‌కి ఇమ్మొబిలైజర్ ఉంటది, అంటే సొంత తాళం కాకుంటే ఇంజన్‌ని లేవనియ్యదు, తాళం తలకాయలో చిప్ ఉంటది. షాపాయన ఇనుము కోసిండు, చిప్ ఏది?

బెజవాడ_బాటసారి | ఆదివారం, రాత్రి 9:58

చిప్ అంటే అందులో బ్యాటరీ లాంటిది ఉండాలి కదా? దీనికి బటన్లు కూడా లేవు, మామూలు నల్ల ప్లాస్టిక్ తల.

పాత_పానా | ఆదివారం, రాత్రి 10:31

బ్యాటరీ అక్కర్లేదు తమ్ముడూ. నేను ఇరవై ఏళ్లుగా బండ్లు విప్పుతున్నా, ఇది అడగని కస్టమర్ లేడు, అందుకని కాస్త వివరంగా రాస్తా, ఓపిగ్గా చదువు.

నీ తాళం తలలో బియ్యపు గింజకంటే కొంచెం పెద్ద ముక్క ఒకటి ఉంటుంది. దానికి సొంత కరెంటు లేదు. ఇగ్నిషన్ సిలిండర్ నోరు చుట్టూ ప్లాస్టిక్ రింగు ఉంటుంది చూడు, అందులో సన్నని రాగి తీగ చుట్టు ఉంటుంది. నువ్వు ఆన్ చేయగానే ఆ రింగు 125 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగాలు పంపుతుంది, ఆ తరంగాల నుంచే చిప్‌కి కరెంటు పుడుతుంది, ఆ కాస్త కరెంటుతో అది తన నంబరు చెబుతుంది. ఆ నంబరు బండి కంప్యూటర్ దగ్గర రాసుకున్న జాబితాలో ఉంటే హిస్ లైటు రెండు సెకన్లలో ఆరిపోతుంది, స్పార్కు, పెట్రోలు వదులుతుంది. లేకపోతే లైటు అలాగే ఉంటుంది, ఇంజన్ లేవదు. హిస్ అంటే హోండా ఇగ్నిషన్ సెక్యూరిటీ సిస్టమ్, అంతకు మించి మాయేమీ లేదు.

అంటే నీకు రెండు తాళాలున్నట్టు లెక్క. ఒకటి ఇనుము, సీటుకీ మూతకీ హ్యాండిల్‌కీ పనికొచ్చేది. రెండోది చిప్, ఇంజన్‌కి. గవర్నర్‌పేట ఆయన మొదటిది బ్రహ్మాండంగా చేశాడు, ఆయన్ని తిట్టకు. బ్యాటరీ అన్నందుకు మాత్రం తిట్టొచ్చు.

నమ్మకం లేకపోతే ఒక పని చేసి చూడు. అసలు తాళం ఎడమ చేత్తో పట్టుకుని, తల సిలిండర్ రింగుకి ఆనించు. కుడి చేత్తో కొత్త తాళం పెట్టి తిప్పు. ఏమైందో వచ్చి చెప్పు.

బెజవాడ_బాటసారి | ఆదివారం, రాత్రి 11:05

ఇప్పుడే సెల్లార్‌లోకి వెళ్లి చూసొచ్చా, వాచ్‌మన్ నన్ను దొంగననుకున్నాడు. అసలు తాళం రింగుకి ఆనిస్తే కొత్త తాళంతో లైటు ఆరిపోయింది, బండి లేచింది. నాలుగు వేళ్లు దూరం జరిపి మళ్లీ ఆన్ చేస్తే లైటు ఆరలేదు. ఐదారుసార్లు చేశా. చిన్నపిల్లాడిలా భలే అనిపించింది.

చక్రాల_చిన్ని | సోమవారం, ఉదయం 7:12

దీనికి తిరగబడ్డ కథ నాది. వైజాగ్, ట్రయంఫ్ స్పీడ్ 400 బైకు. దానికీ చిప్ తాళమే. కొన్న కొత్తలో నాన్నగారి స్విఫ్ట్ తాళం, నా బండి తాళం ఒకే గుత్తికి వేసుకున్నా. ఒకరోజు బీచ్ రోడ్డులో బండి స్టార్ట్ కాదు. కాసేపటికి అదే అవుతుంది. మళ్లీ రెండ్రోజులకి కాదు. బ్యాటరీ చెక్ చేయించా, ఫ్యూజులు చూపించా, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి సర్వీస్ కుర్రాడు గుత్తి చూసి నవ్వి, కారు తాళం ఊడదీసి చేతిలో పెట్టాడు. మారుతి కార్ల తాళంలో కూడా చిప్ ఉంటుందట, రెండు చిప్‌లు ఒకే రింగు దగ్గర ఒకేసారి మాట్లాడితే బండికి ఏదీ అర్థం కాదు. అప్పట్నుంచి దేని గుత్తి దానిదే, ఇంతవరకు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

కాబట్టి బాటసారి గారూ, రెండో తాళం వచ్చాక రెండూ కలిపి ఒకే రింగుకి తగిలించుకోకండి. స్పేర్ ఉండి ప్రయోజనం కూడా ఉండదు, పోతే రెండూ కలిసే పోతాయి.

తాళాల_బాబాయ్ | సోమవారం, ఉదయం 8:45

హైదరాబాద్‌లో తాళాల షాపు నాది, నాన్న కాలం నుంచి. ఈ విషయంలో జనం రెండు పనుల్ని ఒకటే అనుకుంటారు. ఒకటి క్లోన్, ఇంకొకటి రిజిస్ట్రేషన్.

క్లోన్ అంటే నీ దగ్గరున్న చిప్‌లో ఏమున్నదో అదే ఖాళీ చిప్‌లో దించుడు. బండికి తెల్వది, పాత తాళమే వచ్చిందనుకుంటది. బండి కంప్యూటర్‌ని ముట్టుకునేది లేదు. రిజిస్ట్రేషన్ అంటే కొత్త నంబరున్న చిప్‌ని తీసుకుపోయి బండి జాబితాలో పేరు రాయించుడు. షోరూంలో చేసేది ఇదే.

చిప్ అంటే అన్నీ ఒకటి కాదు. హోండా బైకుల్లో చాలావాటికి ఐడీ46 రకం, యమహాకి 4డీ69, సుజుకీకి 4డీ65. ఇందులో 46 జర మొండిది, ఊరికే రాయికి రాయి పెట్టినట్టు కాపీ కాదు. తాళం బండితో మాట్లాడుతున్నప్పుడు రింగు దగ్గర మిషన్ పెట్టి ఆ మాటలు వినాలె, ఆ లెక్క ఇంటర్నెట్‌లో విప్పాలె, అప్పుడు దింపాలె. అందుకే బండి తేకుండా ఉట్టి తాళం పంపి "కాపీ చెయ్ బాబాయ్" అంటే కుదరదు. మిషన్ ఉన్నోళ్లు ఉన్నరు, కానీ మూల మీదున్న ప్రతి షాపులో ఉండదు. అడిగేటప్పుడు "తాళం కోస్తారా" అని అడగొద్దు, "ట్రాన్స్‌పాండర్, అంటే తాళంలో చిప్ చేస్తారా, ఇంజన్ స్టార్ట్ చేసి చూపించినాకనే పైసలు" అని అడగాలె. గట్ల అడిగితే నీ 450 ఉండిపోయేది.

ఇంకో మాట. నేను ఆర్‌సీ, ఆధార్ చూడకుండా చిప్ తాళం చెయ్య. కొందరు కోప్పడతరు. రేపు నీ బండే ఇంకొకడు తెస్తే అప్పుడు నేనే నీకు దేవుణ్ని.

బెజవాడ_బాటసారి | సోమవారం, ఉదయం 9:20

బాబాయ్, మరి నాకు ఏది మంచిది? క్లోనా, రిజిస్ట్రేషనా?

తాళాల_బాబాయ్ | సోమవారం, ఉదయం 9:41

నా వ్యాపారం దెబ్బతిన్నా నిజం చెప్తా, నీకు రిజిస్ట్రేషనే. ఎందుకంటే నువ్వు సెకండ్‌లో కొన్నవు. మీ పాత ఓనరు దగ్గర పోయిన రెండో తాళం ఎక్కడున్నదో ఎవరికీ తెల్వదు, అది ఇంకా నీ బండి జాబితాలో ఉన్నది. క్లోన్ చేస్తే ఆ పోయిన తాళానికి ఏం కాదు, అది ఎప్పటిలాగే నీ బండిని లేపుతది.

పాత_పానా | సోమవారం, ఉదయం 10:15

బాబాయ్ అసలు పాయింట్ పట్టుకున్నారు. దీనికి ఇంకోటి కలపాలి. హిస్ బండిని రిజిస్ట్రేషన్ మోడ్‌లోకి తీసుకెళ్లినప్పుడు, ఆ సమయంలో సిలిండర్‌లో ఉన్న తాళం తప్ప మిగతావన్నీ జాబితాలోంచి కొట్టేస్తుంది. అంటే పోయిన తాళం ఆ క్షణంలో ఉట్టి ఇనుమైపోతుంది. తర్వాత కొత్తవి ఒక్కొక్కటిగా పెట్టి రాయిస్తారు, మొత్తం నాలుగు దాకా పడతాయి.

ఇదే కొంతమందికి ఎదురు తిరుగుతుంది. స్పేర్ ఇంట్లో పెట్టి ఒక్క తాళంతో షోరూంకి వెళ్తారు, కొత్తది రాయించుకుని సంబరంగా వస్తారు, ఇంట్లో స్పేర్ చచ్చిపోయి ఉంటుంది. కొత్త తాళం కోసం వెళ్తే ఇంట్లో ఉన్న ప్రతి తాళమూ తీసుకెళ్లాలి. నీకెలాగూ ఒకటే ఉంది కాబట్టి ఆ బాధ లేదనుకో.

తాళాలతోపాటు చిన్న అల్యూమినియం బిళ్ల ఇస్తారు, దాని మీద నంబరుంటుంది. పాత ఓనర్ని అది అడుగు. అది ఇనుము కోయడానికి నంబరు, చిప్ నంబరు కాదు. అయినా తాళం మొత్తం పోయిన రోజున కనీసం గాడి కోయడానికి అదే దిక్కు.

ఇక నీ అసలు ప్రశ్న, ఉన్న ఒక్కటీ పోతే? మోడ్‌లోకి వెళ్లాలంటే జాబితాలో ఉన్న తాళం ఒకటైనా చేతిలో ఉండాలి. ఒక్కటీ లేకపోతే మాన్యువల్ చెప్పే దారి బండి కంప్యూటర్ మార్చడం, కొత్త తాళాలు దానికి రాయించడం. ఆ కంప్యూటర్ ధర అడిగి ఉన్న రాత్రి నిద్ర పాడుచేసుకోకు.

ఎర్రతాళం_బాధితుడు | సోమవారం, మధ్యాహ్నం 1:30

నా పేరు చూశారుగా. యమహా ఆర్1, 2009 మోడల్, సెకండ్‌లో కొన్నా. దానికి మూడు తాళాలిస్తారు. రెండు నల్లవి, ఒకటి ఎర్ర తల. నల్లవి నడుపుకోవడానికి. ఎర్రది నడపడానికి కాదు, కొత్త నల్లవాటిని రాయించడానికి మాత్రమే, బీరువాలో పెట్టుకోవాలి. ఈ ముక్క మాన్యువల్‌లో మొదటి పేజీల్లోనే ఉంటుంది. మాన్యువల్ ఎవడు చదువుతాడు? ఎర్ర తాళం బండి రంగుకి మ్యాచింగ్‌గా ఉందని రెండేళ్లు దానితోనే తిరిగా. నల్లవి రెండూ డ్రాయర్‌లో పడున్నాయి. అరకు ఘాట్ ఎక్కుతూ ఒకచోట ఆగి ఫొటోలు తీసుకున్నాం, జేబులోంచి ఫోనుతోపాటు ఎర్రది జారి లోయలోకి పోయింది. అక్కడ బండి వదిలేసి, స్నేహితుడి వెనక కూర్చుని వైజాగ్ వచ్చి, నల్లది తీసుకుని మళ్లీ ఘాట్ ఎక్కా.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు చదివా మాన్యువల్. ఎర్రది పోతే కొత్త తాళం రాయించే దారి మూసుకుపోయినట్టే, మొత్తం సెట్టు మార్చాలి. నల్లవి మామూలుగా పనిచేస్తాయి, అవి కూడా పోతే మాత్రం అంతే సంగతులు. అందుకని నేను ఒక నల్లదాన్ని క్లోన్ చేయించా. బాబాయ్ చెప్పినట్టు క్లోన్‌కి బండి అనుమతి అక్కర్లేదు కాబట్టి ఎర్రతాళం లేకపోయినా అవుతుంది. నాలాంటివాళ్లకి క్లోనే దేవుడు.

మ్యూనిక్_మామ | సోమవారం, సాయంత్రం 6:05

ఇక్కడ జర్మనీలో నా కేటీఎం 690కి ఎర్రది బదులు నారింజ రంగు. రెండు నల్లవి, ఒకటి నారింజ. నల్లది పోతే నారింజతో పోయినదాన్ని చెల్లకుండా చేసి, కొత్తదాన్ని చెల్లుబాటు చేసుకోవచ్చు, నాలుగు నల్లవాటి దాకా. మా ఆవిడ పాత వెస్పాకైతే గోధుమ రంగు మాస్టర్, నీలం మామూలివి. ఇటలీవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి పాత డుకాటీలకి కార్డు మీద అంకెలిచ్చారు, తాళం పనిచేయకపోతే యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని, లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెడుతూ ఆ అంకెలు బండికి చెప్పాలి. వానలో, చీకట్లో ఆ లెక్క పెట్టినవాణ్ని ఒకణ్ని చూశా. మూడో అంకె దగ్గర తప్పి మళ్లీ మొదటికొచ్చాడు.

చెప్పొచ్చేదేంటంటే, సెకండ్‌లో కొనేవాళ్లు "తాళాలెన్ని" అని కాదు, "కంపెనీ ఇచ్చిన తాళాలు, కార్డు, బిళ్ల అన్నీ ఉన్నాయా" అని అడగాలి.

షార్ట్‌కట్_సూరి | సోమవారం, రాత్రి 8:22

ఇంత అవసరమా గురూ. నువ్వే చూశావుగా, అసలు తాళం రింగుకి ఆనిస్తే ఏ తాళంతోనైనా లేస్తోంది. ఒక చిప్ తీసి ఆ రింగు దగ్గర లోపల టేపు వేసి అతికించెయ్. ఇక జన్మలో గోల లేదు, ఎక్కడ పడితే అక్కడ 450కి తాళాలు చేయించుకో. నా ఫ్రెండ్ బండి అలాగే తిరుగుతోంది.

ఓరుగల్లు_రైడర్ | సోమవారం, రాత్రి 8:30

ఇంటికి తాళమేసి, చెవిని తలుపుకే వేలాడదీసినట్టుంది నీ ఐడియా.

పాత_పానా | సోమవారం, రాత్రి 8:57

సూరీ, పని చేస్తుంది, కాదనను. కానీ చిప్ అక్కడ అతికించాక ఆ బండికి ఇమ్మొబిలైజర్ లేనట్టే. సిలిండర్ పగలగొట్టినవాడు బటన్ నొక్కి వెళ్లిపోతాడు. పైగా ఆ అతికించేది ఆయనకున్న ఒకే ఒక్క అసలు చిప్, రేపు వేడికి టేపు ఊడి ఎక్కడ పడుతుందో! ఆయనకున్న ఆస్తే అదొకటి.

షార్ట్‌కట్_సూరి | సోమవారం, రాత్రి 9:03

సరే సరే, మంచికి పోతే చెడు ఎదురైందన్నట్టుంది. మీ ఇష్టం. కానీ బాటసారీ, ఆ కోయించిన 450 తాళం పారేయకు, పర్సులో పెట్టుకో. కనీసం దూరంలో ఎక్కడైనా పెట్రోల్ మూత తెరవడానికైనా పనికొస్తుంది.

బీమా_బుజ్జి | మంగళవారం, ఉదయం 11:10

తాళం గురించి ఇంత మాట్లాడుకున్నారు, ఒకటి ఎవరూ అనలేదు. నేను బీమా ఆఫీసులో క్లెయిముల డెస్క్ మీద పనిచేస్తా, మాది ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. బండి దొంగతనం క్లెయిమ్ వచ్చినప్పుడు ఎఫ్ఐఆర్, ఆర్‌సీతోపాటు అసలు తాళాలు రెండూ ఇవ్వమని అడుగుతారు. ఒకటే ఇస్తే రెండోది ఏమైంది, ఎప్పుడు పోయింది, పోతే ఎవరికైనా చెప్పావా అని సర్వేయర్ ప్రశ్నల మీద ప్రశ్నలు. బండికే తాళం వదిలేసి వెళ్లావేమో అన్న అనుమానం దగ్గర మొదలవుతుంది కథ. నిజాయితీపరులు కూడా నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు.

అందుకని మీ పాత ఓనరుతో, "రెండో తాళం నాకు ఇవ్వలేదు" అని ఒక కాగితం రాయించుకోండి, కనీసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. పోలీస్ స్టేషన్‌లో పోయినట్టు అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. షోరూంలో కొత్త తాళాలు రాయించిన బిల్లు జాగ్రత్త. తాళం మార్పిడికి విడిగా యాడ్ ఆన్ కవర్ ఉంటుంది, కార్లకి మామూలే, కొన్ని పాలసీల్లో టూవీలర్‌కీ దొరుకుతుంది, రెన్యువల్ అప్పుడు అడిగి చూడండి.

బెజవాడ_బాటసారి | మంగళవారం, మధ్యాహ్నం 12:02

బుజ్జి గారూ, ఇది అసలు నా బుర్రకే రాలేదు. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేశా. పాపం మంచి మనిషే, అడగ్గానే మెసేజ్ పెట్టాడు. అల్యూమినియం బిళ్ల మాత్రం ఫైలులో ఉందట, ఫొటో పంపాడు. తాళం అయితే "ఇల్లంతా వెతికా, లేదు" అంటున్నాడు.

గుంటూరు_ఘాటు | మంగళవారం, రాత్రి 7:48

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఆవిడకి యాక్టివా హెచ్ స్మార్ట్ కొన్నా, తాళమే లేదు, రిమోట్ మాత్రమే. అది పోతే కూడా ఇదే గోలా?

చక్రాల_చిన్ని | మంగళవారం, రాత్రి 8:10

అది వేరే జాతి అన్నయ్యా. అది స్మార్ట్ కీ, దాంట్లో సెల్లు ఉంటుంది, రెండు మీటర్ల దూరంలో ఉంటేనే బండి నిన్ను గుర్తుపడుతుంది. ఇమ్మొబిలైజర్ సూత్రం మాత్రం అదే, జాబితాలో ఉన్నదే చెల్లుతుంది. బండితో ఏవేం ఇచ్చారో ఇవాళే తీసి చూసి, రెండోది వదిన బ్యాగులో కాకుండా ఇంట్లో పెట్టండి. ఎక్కువమంది సెల్లు అయిపోతే తాళం పాడైందనుకుని షోరూంకి పరిగెడతారు, ముందు సెల్లు మార్చి చూడండి.

గుంటూరు_ఘాటు | మంగళవారం, రాత్రి 8:31

రెండూ ఆవిడ బ్యాగులోనే ఉన్నాయి. నమస్కారం.

బెజవాడ_బాటసారి | పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20

పని అయింది. ఆలస్యంగా రాస్తున్నా, కానీ మీలో ఎవరికైనా ఉపయోగపడుతుందని పూర్తిగా రాస్తా.

పెద్ద బండ్లు చూసే షోరూంకి ఫోన్ చేస్తే ఖాళీ తాళాలు స్టాక్‌లో లేవు, ఆర్డర్ పెట్టాలన్నారు. ఆర్‌సీ, ఆధార్, బిళ్ల నంబరు ఫొటో పంపించా, సగం డబ్బు ముందే కట్టించుకున్నారు. రెండు పెట్టా, ఎలాగూ ఒక్కసారే ప్రయాణం కదా. పది రోజులకి వచ్చాయని ఫోన్. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి హైదరాబాద్ వెళ్లా. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగినప్పుడు తాళం చేతిలోనే పట్టుకుని ఇడ్లీ తిన్నా, సర్వర్ వింతగా చూశాడు.

ముందు ఇనుము కోశారు. తర్వాత టెక్నీషియన్ సీటు తీసి, ఒక వైరు అడాప్టర్ బ్యాటరీకి తగిలించాడు. నన్ను పక్కనే నిలబడనిచ్చాడు, అది మంచి పని చేశాడు. నా పాత తాళం పెట్టి ఆన్ చేశాడు, అడాప్టర్ క్లిప్పు ఒకటి తీసి మళ్లీ పెట్టాడు. హిస్ లైటు రెండు సెకన్లు వెలిగి, నాలుగుసార్లు టకటకా కొట్టుకుంది, మళ్లీ రెండు సెకన్లు, మళ్లీ నాలుగు. "ఇప్పుడు మీ తాళం ఒక్కటే ఉంది సార్ జాబితాలో, మిగతావన్నీ పోయాయి" అన్నాడు. ఆఫ్ చేసి, పాతదాన్ని నా చేతికిచ్చి "రెండడుగులు వెనక్కి జరగండి" అన్నాడు. కొత్తది పెట్టాడు, అదే లయ, రెండు సెకన్లు, నాలుగు దెబ్బలు. మూడోది కూడా అంతే. మొత్తం కలిపి పది నిమిషాలు పట్టలేదు. నేను ఇన్ని రోజులు టెన్షన్ పడింది ఈ పది నిమిషాల పనికా అనిపించింది.

తర్వాత మూడు తాళాలతోనూ విడివిడిగా ఇంజన్ లేపి చూపించమన్నా, బాబాయ్ చెప్పినట్టు. మూడూ లేచాయి. బిల్లు మీద బండి ఛాసిస్ నంబరు, తాళాల సంఖ్య రాయించుకున్నా, బుజ్జి గారు చెప్పినట్టు. ఒక కొత్త తాళం అమ్మకిచ్చా, పసుపు కుంకుమ డబ్బా పక్కన పెట్టింది. ఇంకోటి ఆఫీసు డ్రాయర్‌లో.

తాళాల_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 5:44

శభాష్. హైదరాబాద్ దాకా వచ్చినవు, షాపుకు రాకపోతివి. చాయ్ తాగిపోదువు.

బెజవాడ_బాటసారి | గురువారం, రాత్రి 9:15

చివరి కబురు. నవ్వకండి.

ఇవాళ పాత ఓనరు ఫోన్ చేశాడు. వాళ్ల పాప ఆటబొమ్మల పెట్టె సర్దుతుంటే అడుగున తాళం దొరికిందట! "మాటంటే మాటే, దొరికితే పంపిస్తానన్నాగా" అని మర్నాటి దాకా కూడా ఆగకుండా బస్సులో పార్శిల్ వేసేశాడు. బస్టాండ్‌కి వెళ్లి తెచ్చుకున్నా. కంపెనీ తాళం, కొత్తదానిలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. సెల్లార్‌లోకి వెళ్లి పెట్టా. సీటు తెరుచుకుంది. మూత తెరుచుకుంది. ఆన్ చేస్తే హిస్ లైటు ఆరలేదు. వాచ్‌మన్ మళ్లీ వచ్చి చూసి వెళ్లాడు.

పాత_పానా | గురువారం, రాత్రి 9:32

హహ్హ. అంటే రిజిస్ట్రేషన్ పక్కాగా జరిగిందన్నమాట. పారేయకు, అది మంచి చిప్పే. జాబితాలో నీవి మూడే ఉన్నాయి, ఇంకోటి పడుతుంది. ఈసారి సర్వీస్‌కి వెళ్లినప్పుడు నాలుగూ తీసుకెళ్లి మళ్లీ రాయించు.

షార్ట్‌కట్_సూరి | గురువారం, రాత్రి 9:40

నాలుగూ అంటే అమ్మ దగ్గరున్నది కూడా. మర్చిపోతే అది ఉట్టి ఇనుమే.

బెజవాడ_బాటసారి | గురువారం, రాత్రి 9:47

ఫోన్‌లో రిమైండర్ పెట్టా సూరీ, "అమ్మ డబ్బా, ఆఫీసు డ్రాయర్, జేబు, పార్శిల్" అని.